మా లెక్కల సారు చింతగింజలు

మా చిన్నప్పుడు... బోర్డు మీద లెక్క అయిపోతానే "అర్థమైందా?" అని లెక్కల సారు ఒక కేక. "అయింది సార్!" అని మేము అంతకన్నా పెద్ద కేక. పాకాల స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నోళ్ళకు కూడా వినపడుంటాది. కాలేదన్నోళ్ళకు బెత్తం రెడీ... ఇంకెవరికి కాకుండా పోతాది? అందరికీ అయ్యేది!

నేను ఆరో తరగతికి వచ్చేసరికి ఆ సారు పోయి మునిరత్నం సారు వచ్చినారు. బక్కపల్చటి మనిషి. పర్మనెంటు కాదు, ఒక్క ఏడాదికి వేసినారు. వచ్చిన రోజే మాకొక వింత పని చెప్పినారు... తలా ఒక చింతగింజ తెచ్చుకొని, ఒక పక్క తెల్లగా వచ్చేదాకా బండకేసి అరగదీయాలంట. ఆటకైతే రోజూ చేసే పనే. లెక్కల క్లాసుకు ఎందుకబ్బా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

సంగతేందంటే... లెక్క చెప్పడం అయినాక అందరూ కండ్లు మూసుకోవాల. అర్థమైతే గింజ తెల్లపక్క పైకి పెట్టాల, కాకపోతే నల్లపక్క. సారు వరసగా నడుచుకుంటా చూసుకుని పోతారు. ఎవరిది నల్లదో పక్కనోళ్ళకు తెలీదు.

మొదటి వారమంతా తెల్లవే... బెత్తం భయం ఊరికే పోతాదా! ఒకరోజు నేనే ధైర్యం చేసి నల్లపక్క పెట్టినా. నా బెంచీ దగ్గర అడుగులు ఆగినాయి. చచ్చినాన్రా దేవుడా అనుకున్నా. సారు మెల్లగా "మంచిది" అని, అదే లెక్క మొదట్నుంచి మళ్ళా చెప్పినారు.

అర్థం కాకపోతే మంచిదేంది? నాకేమీ తలాతోకా తెలీలేదు. కానీ ఆ పొద్దు ఇంటికి ఎగురుకుంటా పోయినా. పోనుపోను అందరం నిజమే పెట్టేది నేర్చుకున్నాం.

ఇంతలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. మా క్లాస్ లీడరు ధనలక్ష్మి బెంచీ బెంచీకి తిరిగి చెప్పింది. "మే, రేపు అందరూ తెల్లపక్కే పెట్టాల. ఇన్‌స్పెక్టరు బాగుందని రాస్తేనే మన సారును ఇంకో ఏడాది ఉంచుతారంట. హెడ్‌మాస్టరు చెప్తా ఉంటే నేను విన్నా." అందరం సరే అన్నాం. నేను కూడా సరే అన్నా... దేవుడి మీద ఒట్టు.

మరునాడు ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నారు. సారు భిన్నాల భాగహారం చెప్పినారు. అరను పావుతో భాగిస్తే రెండు! నాకు మతి పోయింది. భాగిస్తే తగ్గాల కదా... అర పోయి రెండెట్లయింది?

"కండ్లు మూసుకోండి" అన్నారు సారు. చేతిలో గింజ చెమటకు జారిపోతా ఉండాది. తెల్లపక్క పెట్టినా. మళ్ళా తిప్పినా. సారు ఉండాలంటే తెల్లది... కానీ సారుకు అబద్ధం చెప్పేదెట్ల? అట్ల తిప్పీ తిప్పీ... ఆఖరికి నల్లపక్క పెట్టేసినా. ఎందుకు పెట్టినానో ఈ పొద్దుకీ చెప్పలేను.

సారు వెనకే గింజలు చూసుకుంటా వచ్చి, "అందరికీ అర్థమైంది, ఈ పాపకు తప్ప" అని ఇన్‌స్పెక్టరు గట్టిగానే అన్నారు. కండ్లు తెరిస్తే క్లాసంతా నన్నే చూస్తా ఉండాది. ధనలక్ష్మి అయితే మింగేసేటట్లు చూసింది.

సారు మాత్రం ఎప్పుడూ అన్నట్లే "మంచిది కోమలా" అన్నారు. మా నాయనకు బెల్లం అంగడి ఉండేది, ఆ సంగతి సారుకు తెలుసు. "మీ అంగట్లో అర అచ్చు బెల్లం మిగిలింది. మనిషికి పావు అచ్చు ఇయ్యాల. ఎంతమందికొస్తాది?"

"ఇద్దరికి సార్."

"ఆ రెండే ఈ రెండు."

అబ్బ... ఎంత తేలిగ్గా చెప్పేసినారు! లెక్క తెలిసిన సంతోషంలో ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయినా.

కానీ ఇన్‌స్పెక్టరు ఊరుకుంటారా? తెల్లపక్క పెట్టినోళ్ళను ఒక్కొక్కరినే బోర్డు దగ్గరికి పిలిచి ఇంకో లెక్క ఇచ్చినారు. ధనలక్ష్మి సుద్దముక్క పట్టుకొని బిక్కమొహం వేసింది. తర్వాత పోయినోళ్ళదీ అదే గతి. ఆయన పుస్తకంలో ఏందో రాసుకొని వెళ్ళిపోయినారు.

సాయంత్రం ఇంట్లో ఏడ్చుకుంటా అంతా చెప్పినా. నాయన తల నిమిరి "నిజమే కదా సెప్పినావు, దానికేడుస్తారా పాపా" అన్నాడు. మళ్ళా తనే "అయినా... ఆ ఒక్క పొద్దు గమ్మునుండాల్సింది" అన్నాడు. ఇంక నేనేం అనుకోవాల చెప్పండి?

ఎండాకాలం సెలవులు ఇచ్చిన రోజు సారు వెళ్ళిపోయినారు. స్టేషన్‌కు పరిగెత్తినా. రేకు పెట్టె పక్కన పెట్టుకొని బెంచీ మీద కూర్చొని ఉండారు. "నా వల్లేనా సార్?" అని అడిగేసినా. ఆయన నవ్వి "ఆ లెక్క ఇప్పుడొస్తాదా నీకు?" అన్నారు. వస్తాదన్నా. "అయితే చాలు" అన్నారు... అంతలో కాట్పాడి బండి వచ్చేసింది.

నేనడిగిందానికి అది జవాబేనా? నన్ను ఓదార్చినారా, మాట దాటేసినారా? ధనలక్ష్మి అయితే ఏడో తరగతి అయిపోయేదాకా నాతో మాట్లాడలేదు. తప్పు నాదా, తెల్లపక్క పెట్టినోళ్ళదా... నాకిప్పటికీ తేలలేదు.

ఇప్పుడు మా మనవరాలి ఫోన్‌లో క్లాసు చెప్పే టీచరమ్మ "అండర్‌స్టాండ్?" అంటే టపటపా బొటనవేళ్ళ బొమ్మలు పడతాయి. నీకు నిజంగా అర్థమైందా అంటే "అందరూ పెట్టినారు, నేనూ పెట్టినా అమ్మమ్మా" అంటాది. దాన్నేమనగలను? బ్యాంకులో, ఆస్పత్రిలో నేను చేసేదీ అదే... తెలీకపోయినా తలూపేసి వస్తా ఉంటా.

నాకు అర్థం కాలేదని తెలిసి "మంచిది" అన్న మనిషి... ఇన్నేండ్లలో ఆయన ఒక్కరే. మీకు కూడా అట్లాంటోళ్ళు యాడైనా తగిలింటే చెప్పండబ్బా... వినాలని ఉండాది.