కారం అడిగిన పెద్ద మామా

మా పెద్ద మామా పోయింది. తెల్లవారుజాము నమాజుకు లేపుదామని వెళ్లిన కూతురు పెట్టిన కేకతో ఇంట్లో అందరికీ తెలిసింది. సాయంత్రానికల్లా మట్టి చేసి వచ్చేశారు. అప్పటినుంచి నా చేతులు ఊరుకోవడం లేదు. కడిగిన కప్పులే మళ్లీ కడుగుతున్నాను, తుడిచిన గట్టే మళ్లీ తుడుస్తున్నాను.

మన దగ్గర మామ అంటే మీసాలుంటాయి. కువైట్‌లో మాత్రం పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఈ ఇంట్లో కూతురు చిన్న మామా, ఆమె తల్లి పెద్ద మామా. రాయచోటి నుంచి వచ్చిన నాకు అరబ్బీ నేర్పింది, తప్పు పలికితే పగలబడి నవ్వింది కూడా ఆ పెద్దావిడే.

ఒకరోజు నేను వంటింట్లో ఓ మూల నిలబడి, నాకోసం చేసుకున్న రాగిసంగటి తింటుంటే వచ్చి పళ్లెంలోకి తొంగి చూసింది.

"ఇదేంటి, చాక్లెట్టా?" అంది.

రాగుల్ని అరబ్బీలో ఏమంటారో నాకు తెలియదు. "మా ఇంటి అన్నం, మామా" అన్నాను.

"అయితే ఈ శుక్రవారం అందరికీ మీ ఇంటి అన్నమే. యల్లా, కానివ్వు!" అనేసి వెళ్లిపోయింది.

శుక్రవారమంటే కొడుకులు, కోడళ్లు, మిగతా కూతుళ్లు, మనవళ్లు అందరూ భోజనానికి చేరే రోజు.

అబ్బాసియాలో మనవాళ్ల కొట్టు నుంచి రాగిపిండి తెప్పించి సంగటి కెలికాను. కోడికూర, చెనగ్గింజల ఊరిబిండి పచ్చడి చేశాను. మిరపకాయలు తగ్గించాలనుకుంటూనే మామూలుగా వేసేశాను. ఆమె ముద్ద తుంచి ఊరిబిండిలో ముంచబోతుంటే భయమేసి, "కారం, మామా! కారం!" అని అరిచాను. ఆమె ముఖం వెలిగిపోయింది. అరబ్బీలో కరం అంటే పదిమందికీ పెట్టే గుణం. "అల్లా కరీం!" అంటూ ముద్ద నిండా అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

ఇంకేముంది! కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. పెద్దకొడుకు లేచి నిలబడ్డాడు. "ఏం పెట్టావు మా అమ్మకు?" అని చిన్న మామా నామీద విరుచుకుపడింది. ఖలాస్, ఇక నన్ను ఊరికి పంపించేస్తారనుకున్నాను. పెద్ద మామా మజ్జిగ తాగి, కళ్లు తుడుచుకుంది.

"దాన్నేమీ అనకండి. పాపం, అది ముందే చెప్పింది. తన భాషలో చెప్పింది, నేను నా భాషలో విన్నాను" అంది. ఇల్లంతా ఒకటే నవ్వు.

అప్పటినుంచి వారం వారం "కొంచెం కరం పెట్టు" అని చెయ్యి చాపేది. సంగటి నమలకూడదు, మింగాలని నేను చెబితే, "పళ్లు లేనిదానికి ఆ మాట చెప్పాలా?" అనేది. నేను నిలబడి తింటే ఒప్పుకునేది కాదు. మా అమ్మ పోయాక నన్ను తిన్నావా అని అడిగి, నా జవాబు నమ్మకుండా పళ్లెం చూసిన మనిషి ఈమె ఒక్కతే. ఆ రుణం నేనెలా తీర్చుకుంటాను?

నిన్న మహబూలా నుంచి మా ఊరమ్మాయి ఫోన్ చేసింది. తనూ నాలాగే ఇంటిపని చేస్తుంది.

"ఏడ్చినావాక్కా?"

"యాడ ఏడ్చేది? జనం వచ్చాండారు, పోతాండారు. గావా పోసేదెవురు?"

"ఏడ్చొద్దులేక్కా. నీకేమన్నా అమ్మా, అత్తా? ఇంటోళ్లు నాటకమనుకుంటారు."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. నిజమే, ఏమవుతానని ఏడవాలి? కూతుళ్లకు ఏడ్చే హక్కుంది. నాకున్నది గావా పోసే ఈ కాఫీ కూజా. ముంచుకొచ్చిన ఏడుపును మింగుకుంటూ నిన్నంతా పరామర్శకు వచ్చినవాళ్లు కూర్చున్న గదికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

ఈరోజు పరామర్శకు ఆఖరి రోజు. నల్ల బట్టల్లో ఆడవాళ్లు వరుసగా వచ్చి కూతుళ్ల చేతులు పట్టుకుని, "అజ్జమల్లా అజ్రిచ్" అంటున్నారు. నీ దుఃఖానికి దేవుడు గొప్ప ఫలమివ్వాలని, పోయినవాళ్ల సొంతమనుషులకు చెప్పే మాట అది. కూతుళ్ల పక్కన, వరుస చివర, నేను కూజాతో నిలబడి ఉన్నాను. పెద్ద మామా ఈడుదే ఒక ముసలావిడ నా దాకా వచ్చింది. నేను కప్పు అందించాను. ఆమె కప్పు తీసుకోలేదు. దాన్ని పక్కన పెట్టించి, నా తడి చెయ్యి పట్టుకుని, నా ముఖంలోకి చూసి, ఆ మాటే నాకూ చెప్పింది.

దానికి బదులేం చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆమె వెనక వరుస మొత్తం ఆగిపోయి నిలబడింది.