మావయ్య గునపం, నా దిక్సూచి

టెక్కలి దగ్గర ఆ కొండను మర్నాడు పేలుస్తారనగా నాకు ఒక్క పూట దొరికింది. ఇప్పించింది మా మావయ్య, అమ్మకి తమ్ముడు. ఆ క్వారీలోనే ఆయన పని. నా కోసం ఆ పూట కూలి వదులుకున్నాడు.

నా చదువంతా రాళ్లలో ఉండే అయస్కాంతం గురించి. కరిగిన రాయి చల్లారేటప్పుడు అప్పటి ఉత్తర దిక్కు దానిలో నిలిచిపోతుంది. తర్వాత నేల ఎంత కదిలినా ఆ గుర్తు ఉంటుంది. మా నేల ఒకప్పుడు దక్షిణపు మంచు ఖండాన్ని అంటుకుని ఉండేదంటారు. అప్పుడు ఎటు తిరిగి ఉండేదో ఆ కొండ చెబుతుందని నా ఆశ. అయితే ముక్క ఊడదీసే ముందు దిక్సూచితో చూసి దాని మీద గీత గియ్యాలి. ఆ గీత తప్పితే అది వట్టి రాయి.

నేను వంగి కొలుస్తుంటే మావయ్య నాకు ఎండ తగలకుండా తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. రెండో చేతిలో గునపం. క్వారీలో గునపం ఎవరూ కింద పెట్టరు, పెడితే ఇంకొకడు పట్టుకుపోతాడు. ఇనుము దగ్గరుంటే ముల్లు పక్కకి లాగుతుందని నాకు తెలుసు. లాగడం చూశాను కూడా. పని మానుకుని వచ్చిన పెద్దమనిషిని దూరంగా పొమ్మనడానికి నోరు రాలేదు. ఎండ నీడను బట్టి దిక్కు మళ్లీ సరిచూసుకునే వీలుంది. బద్ధకించాను.

ల్యాబులో ముక్కలన్నీ తలో దిక్కూ చూపించాయి. ఒక్కో ముక్కకీ ఆయన ఒక్కో వైపు నిలబడ్డాడు, ఎంత తప్పిందో లెక్కకట్టే వీలే లేదు. "పారెయ్" అన్నారు మా సారు. అప్పటికి కొండ పలకలై ఎవరెవరి ఇళ్లలోనో నేల మీద పరుచుకుని ఉంది.

అక్కసంతా మోసుకుంటూ సుమ్మాదేవి స్టేషను దగ్గర వాళ్లింటికెళ్లి, అత్త ముందే కక్కేశాను. "నీ గునపమే నా రెండేళ్ల కష్టం మింగేసింది, మావయ్యా!"

"అప్పుడే సెప్పకపోయావేటమ్మా? నాను దూరంగా నిలబడుందును గదా" అన్నాడు.

ఆ మాట నిజమైనందుకు ఇంకా కోపమొచ్చింది. కాఫీ కూడా తాగకుండా రైలెక్కేశాను. అంత నీచంగా నేనెప్పుడూ ప్రవర్తించలేదు.

మొన్న మళ్లీ వెళ్లాను, చేతిలో బట్టల సంచి ఒక్కటే. స్టేషనుకి వచ్చిన మావయ్య పదడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"దగ్గరికి రా, మావయ్యా."

"జేబులో తాళాలున్నాయమ్మా."

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు. తాళాలు తీసి బెంచీ మీద పెట్టి, అప్పుడొచ్చి నా సంచి అందుకున్నాడు.