పెన్సిల్ పేర్లు

ఆలైడా తన ఇంట్లో పై గది అద్దెకివ్వడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లయింది. కాలవ పక్క వీధి అది. కుక్క మొరిగితే ఎవరి కుక్కో అందరికీ తెలుస్తుంది. చీకటి పడ్డా ఆమె వీధి కిటికీకి తెర వెయ్యదు. ఆ ఊళ్లో అందరిళ్లలోలాగే ఆమె ఇంట్లోనూ పుట్టినరోజుల కేలండర్ మరుగుదొడ్డి గోడకే వేలాడుతుంది. చుట్టాల పేర్లు సిరాతో, అద్దెకున్నవాళ్ల పేర్లు పెన్సిల్‌తో. ఎవరైనా ఖాళీ చేస్తే ఆ పూటే రబ్బరు పట్టుకెళ్లి, పేరు చెరిపి, పొడి ఊదేసి వస్తుంది. చచ్చిపోయిన చుట్టాల పేర్లు మాత్రం అలాగే ఉంటాయి.

తొమ్మిదేళ్లు అద్దెకున్న బస్సు డ్రైవర్ వౌటర్ మొన్న గది ఖాళీ చేసి, తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "నా పేరు చెరిపేశారా అమ్మగారూ?" అని నవ్వబోయాడు. ఆమె మరుగుదొడ్డిలోకి వెళ్లొచ్చింది. అతను తొంగిచూశాడు. మార్చి పద్నాలుగు పక్కన తన పేరు సిరాతో దిద్ది ఉంది, తడి ఆరలేదు.

"తొమ్మిదేళ్లూ దిద్దలేదు, వెళ్లిపోయేటప్పుడా?"

"అద్దె ఇచ్చినన్నాళ్లూ అద్దెకున్నవాడివి," అంది ఆలైడా తాళంచెవి కొక్కేనికి తగిలిస్తూ. "ఇక ఇవ్వవుగా. మార్చిలో రా. పుట్టినరోజు నీది కాబట్టి కేకు నువ్వే తేవాలి."