బావ గుర్రాన్ని కుట్టిన ఈగ

అరవయ్యో దశకం చివర్లో నేను శృంగవరపుకోటలో గుమాస్తాగా చేరి అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. బావ బజారు నుంచి చుట్టుపక్కల ఊళ్లకు జట్కా తోలేవాడు. ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది ఆ ఒక్క గుర్రమే.

వానలు తగ్గుముఖం పట్టాక దానికి జ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్లీ కాగేది. డైరీలో జ్వరం వచ్చిన రోజు పక్కన చుక్క పెట్టేవాణ్ణి; చుక్కలు దగ్గర పడసాగాయి. దాణా తింటున్నా డొక్కలు ఎండిపోతున్నాయి. పొట్ట కింద మాత్రం నీరు దిగి వాచింది.

పశువుల డాక్టరు గారు చూసి, మేతకు ఎక్కడికి తోలుతున్నావని అడిగారు.

"కొండ కింద పారే గెడ్డ వారకి బాబూ. అక్కడ ఏటో పెద్ద ఈగలు. ముందెప్పుడూ సూడనేదు," అన్నాడు బావ.

అది అడవి జోరీగ అయితే, అది కుట్టి అంటించే నెత్తుటి జబ్బట. మందు విజయనగరం నుంచి తేవాలి. వేరే జబ్బయితే ఆ ఘాటు మందే గుర్రాన్ని చంపేస్తుంది. నెత్తురు పరీక్షించే సాధనం ఆ ఆసుపత్రిలో లేదు. "ముందు ఆ ఈగని పట్టుకురండి," అన్నారాయన.

బావ గుర్రం మెడ మీంచి ఒకదాన్ని పట్టి తెచ్చాడు. జట్కావాళ్లందరిలాగే ఆయనా ఈగలు వాలకుండా రోజూ గుర్రానికి కానుగనూనె రుద్దేవాడు. ఆ నూనెకి ఈగ రెక్కలు దాని ఒంటికే అతుక్కుపోయి గుర్తులేవీ కనబడలేదు. డాక్టరు గారు భూతద్దంతో ఎంతసేపు చూసినా తేల్చలేకపోయారు. మర్నాడు తెచ్చిందీ అంతే.

"నూనె ఆపు బావా."

"ఆపితే బతికుండగానే పీక్కు తింటాయిరా. నువ్వు పోయి నీ కాయితాలు సూసుకో!"

ఆ సాయంత్రం గుర్రం తొట్టి దగ్గరే మోకాళ్ల మీద కూలబడింది. అక్క పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు నేనే గెడ్డకు పోయి, పంచె పైకి కట్టి ఎండలో కూర్చున్నాను. ఈగ వాలితే కొట్టకూడదు. నలిగితే మళ్లీ మొదటికొస్తుంది. చాలాసేపటికి పిక్క మీద బ్లేడుతో కోసినట్టయింది. పళ్లు బిగబట్టి దాని మీద గాజు గ్లాసు బోర్లించాను. చింతపిక్కంత ఉంది. ఆకుపచ్చ కళ్లకు అడ్డంగా ఎర్ర పట్టీలు, రెక్కల మీద గోధుమరంగు మచ్చలు.

వాచిన పిక్క చూసి అక్క గుండె బాదుకుంది. "ఒరే, నీకూ ఆ జబ్బు అంటుకుంటే ఏటి సేసేదిరా?"

"ముందు గుర్రాన్ని లెగనీ అక్కా."

డాక్టరు గారు గ్లాసు వెలుతురుకెత్తి, "జోరీగే. ఊళ్లో తిరిగేది కాదు, కొండ రకం," అంటూ అప్పటికప్పుడు చీటీ రాశారు. బస్సు పట్టుకుని విజయనగరం పరుగెత్తాను. మందుతో తిరిగొచ్చేసరికి గుర్రం ఒక పక్కకు ఒరిగి పడుంది. డాక్టరు గారు ఇంటికే వచ్చి సూది వేశారు.

బావ నా భుజం పట్టుకుని కుదిపాడు. "ఏ ఈగో తెలిసిపోనాది గదరా! మందూ ఎక్కినాది. మరి లెగదేటి?"

డాక్టరు గారు తలెత్తకుండా సిరంజి కడుగుతున్నారు.

పొద్దుగూకే వేళకు గుర్రం ఊపిరి ఆగిపోయింది. బావ నమ్మలేదు. తువ్వాలుతో దాని కళ్ల మీద ఈగల్ని తోలుతూనే ఉన్నాడు.