కొండ బంగళాలో తేనెపట్టు

యుద్ధం నడుస్తున్న ఆ కాలంలో కాలేజీ గుమ్మం తొక్కిన ప్రతి కుర్రవాడికీ ఇంట్లోవాళ్ళు మూర్ఖుల్లా కనిపించేవారు. నాకు మరీను. విజయనగరంలో ఇంటర్మీడియట్ చదువుతూ, చూపు బాగానే ఉన్నా కళ్ళజోడు పెట్టుకుని, శృంగవరపుకోటలో చింతపండు, పసుపు వ్యాపారం చేసుకునే మావాళ్ళను (వాళ్ళు పంపిన బియ్యమే తింటూ) చాలా చిన్నచూపు చూసేవాణ్ణి. అందుకు వాళ్ళూ తగినంత అవకాశం ఇచ్చారు. మా నాన్నా, పెదనాన్నా ఎదురెదురు కొట్లలో కూర్చుని ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. కారణం చెప్పుకోవడానికే సిగ్గు. పెదనాన్న కూతురి పెళ్ళిలో మొదటి పంక్తికి నాన్నను ఎవరూ పిలవలేదట. పిలవలేదని నాన్న, సొంత తమ్ముణ్ణి పిలవడమేమిటని పెదనాన్న. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే.

చివరికి వాళ్ళ తల్లి, మా మామ్మ, కబురంపింది. "నా కొడుకులిద్దరూ ఒక పంక్తిలో కూకుని తింటే గాని నాను మెతుకు ముట్టను" అని. ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు గనక కొండ మీది బంగళాకు అందరం వెళ్ళాలని తేల్చారు. అది తాతగారు కట్టించింది, పంపకాల్లో ఎవరికీ చెందకుండా మిగిలింది. బంగళా అంటే పొంగిపోకండి. కొండవాళ్ళ దగ్గర కొన్న పసుపు దాచడానికి వేసిన ఒక గది, ఒక వసారా, పైన రేకులు. అయినా మా వంశంలో దాన్ని పాక అన్నవాడు లేడు.

మామ్మను డోలీలో ఎక్కించి, గంపలతో, గుండిగలతో పదిహేను మందిమి కొండెక్కాం. చేరగానే అన్నదమ్ములిద్దరూ వసారాకు చెరో చివర, వీపులు తిప్పి కూర్చున్నారు.

"మీ నాన్నకి సెప్పు, తడిగోడ కాడ కూకుంటే నడుం పట్టేస్తాదని" అన్నారు పెదనాన్న నాతో.

నాలుగడుగులు నడిచి చెప్పాను.

"నా నడుం సంగతి నాకు తెలుసునని మీ పెదనాన్నకి సెప్పు" అన్నారు నాన్న.

మళ్ళీ నాలుగడుగులు. (ఇద్దరికీ చెవుడు లేదు.) నా చదువు ఇలా తగలేస్తున్నారే అని మండిపోయాను. లోపల మా అమ్మా, పెద్దమ్మా (వాళ్ళెప్పుడూ దెబ్బలాడుకోలేదు) నవ్వుకుంటూ పులిహోర, బూరెలు వండారు. విస్తళ్ళు వేశారు. అవతలివాడు పిలిస్తే గాని లేవనని ఇద్దరూ భీష్మించారు. అన్నం చల్లారుతోంది. మామ్మ పొద్దుటి నుంచీ మంచినీళ్ళతో ఉండి, గోడకు జారబడి కళ్ళు మూసుకుంది. ఆమె మొహం చూస్తే నాకే భయం వేసింది.

ఈ మూర్ఖుల మధ్య ఉండలేక పెరటివైపు వెళ్ళాను. చూరు కింద చేటంత తేనెపట్టు కనిపించింది. మామ్మ నోట్లో ఇంత తేనె పోద్దామనుకున్నాను. బంగళా చూసుకునే కొండామె అడ్డొచ్చింది.

"బాబూ, అయి పెద్దీగలు. ఇప్పుడు జోలికెళ్ళకు. ఊళ్ళో తీసేవోళ్ళున్నారు, పిలుస్తాను."

పొగ తగిలితే ఈగలు మత్తుగా పడిపోతాయని పుస్తకంలో ఉందని ఆమెకు ఓపిగ్గా వివరించాను. ఆమె తన గుడిసెలో దూరి గొళ్ళెం వేసుకుంది. అప్పుడైనా నాకు అర్థం కావలసింది. వెదురుకర్రకు తడిగడ్డి కట్టి అంటించి ఎత్తాను. గాలి తిరిగింది. పొగంతా నా కళ్ళల్లోకి, ఈగలన్నీ వసారాలోకి వచ్చాయి.

ఆడవాళ్ళు మామ్మనూ పిల్లల్నీ లాక్కుని గదిలో దూరి తలుపు వేసేశారు. నేను ఖాళీ పసుపుగంప బోర్లించుకుని కూలబడ్డాను. మోకాళ్ళు పట్టేసిన అన్నదమ్ములు మాత్రం వసారాలోనే చిక్కుకుని, డోలీలో పరిచిన గొంగళి ఒక్కటే దొరికితే ఇద్దరూ దాని కిందే దూరారు. కాసేపటికి లోంచి మాటలు వినిపించాయి.

"కాలు లోనికి తీయరా, కుట్టేస్తాయి."

"తీసాను. నీ సెయ్యి బయటున్నాది, అన్నయ్యా."

గొంగళి సర్దుకున్న చప్పుడు.

"ఈ పని సేసిందెవడు?"

"ఇంకెవడు, మన కాలేజీ ఎదవే."

"కళ్ళజోడెట్టిన నాడే అనుకున్నాను."

"నానూ అదే అనుకున్నాను."

ఆరేళ్ళ తరవాత వాళ్ళు ఏకీభవించిన మొదటి విషయం అదే.

ఈగలు సర్దుకున్నాక, ఎవరూ ఎవర్నీ పిలవకుండానే, నన్ను తిట్టుకుంటూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. మామ్మ రెండు ముద్దలు తిని, వాచిపోయిన నా మొహానికి సున్నం రాస్తూ, "ఆరేళ్ళు నానేడిసినా కాలేదు. ఎదవతనానికీ ఒక పనున్నాదిరా" అంది.

ఆ తరవాత వాళ్ళు విడిపోలేదు. రోజూ సాయంత్రం కొట్టు అరుగు మీద కూర్చునేవారు. మాటలు అయిపోతే నా మీదికి వచ్చేవారు. నేను బడిపంతుల్నై, అత్తవారి ముందు దర్జాగా కూర్చున్న రోజున కూడా ఆ కథ వదల్లేదు. లోలోపల ఉడికిపోయేవాణ్ణి. ఇద్దరూ ఏడాది తేడాతో పోయారు. ఇప్పుడు నన్ను ఊరంతా మాస్టారూ అంటుంది. అప్పటికంటే నా తెలివేమీ పెరగలేదు. ఏదైనా తెలివితక్కువ పని చేసినప్పుడు, ఎవరూ లేకుండా చూసి, "ఎదవా" అని నన్ను నేనే అనుకుంటాను. వాళ్ళన్నంత బాగా రాదు.