బొంతపల్లి షెడ్డులో కొమ్ముకోనాం

సరదాకి సముద్రంలో గాలం వేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒక చిక్కు వచ్చి పడుతుంది. పట్టిన పెద్ద చేపను తిరిగి నీళ్లలోకి వదిలేస్తే, నలుగురికీ చూపించుకోవడానికి ఏం మిగులుతుంది? ఆ చిక్కు విప్పుకోవడానికే పోయిన నెలలో ఒక శనివారం నేను ప్రయాణం కట్టాను. సముద్రానికి కాదు, బొంతపల్లికి. గుమ్మడిదల మండలంలో, మందుల ఫ్యాక్టరీల మధ్య ఉండే ఊరు. అక్కడి నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి. మీలో ఎవరికైనా ఇలాంటి పని పడవచ్చు కాబట్టి దారీ, ఖర్చూ, నేను చేసిన తెలివితక్కువ పనీ అన్నీ రాస్తున్నాను.

ముందు కథ కొంచెం చెప్పాలి. మా నాన్న భీమిలి వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చారు. నేను పుట్టి పెరిగింది పటాన్‌చెరు పక్కనున్న రామచంద్రాపురంలోనే. ఇంట్లో ఒక యాస, గేటు దాటితే ఇంకో యాస. సముద్రం పిచ్చి మాత్రం నాన్న నుంచే అంటింది. ఏటా రెండుసార్లు సెలవు పెట్టి విశాఖ వెళ్లి, అప్పలరాజు అనే ఆయన పడవ మాట్లాడుకుని గాలం వేస్తాను. మార్చిలో మాలాంటివాళ్లం ఓ ముప్పై మందిమి చిన్న పోటీ పెట్టుకుంటాం. పట్టిన చేపను ఒడ్డుకు తెచ్చి, కొక్కేనికి వేలాడదీసి, తూచి, పక్కన నిలబడి ఫొటో దిగడం ఆనవాయితీ. పోయినేడు రెండో బహుమతి నాదే. కొమ్ముకోనాం పడింది. ముక్కు బల్లెంలా పొడుచుకొచ్చి, వీపు మీద తెరచాపంత రెక్క ఉండే చేప. ఫొటో అయ్యాక దానివైపు ఎవరూ చూడలేదు. మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగి, ఈగలు ముసురుతూ అలాగే వేలాడింది. నాకు సిగ్గేసింది. ఆ రోజు ఇచ్చిన కప్పు ఇప్పటికీ మా అలమారలో వెనక వరుసలోనే ఉంది.

మొన్న డిసెంబరులో మళ్లీ ఒకటి పడింది, అంతకంటే పెద్దది, ఏడడుగులు పైమాటే. పడవ పక్కకు తెచ్చాక అప్పలరాజు దాని ముక్కు ఒడిసి పట్టుకుని, "ఇంత పెద్దయి ఆడ సేపలేనమ్మా. మా తమ్ముడు అమ్ముకోడానికి పడతాడు, అది కూడు. ఫొటో కోసం ఏల? సూసింది సాలు, ఒగ్గీండి" అన్నాడు. ఒగ్గీండి అంటే వాళ్ల వైపు వదిలేయండని. చేప నీళ్లలో ఉండగానే దారంతో పొడవూ, నడుము చుట్టూ కొలిచి, ముడులు వేసుకుని వదిలేశాను. ఒడ్డుకు రాగానే పోటీ నడిపే పెద్దాయనతో మాట్లాడాను. ఈసారి ఎవరూ చేపను ఒడ్డుకు తేవొద్దు, వదిలేసినవాటినే లెక్క పెడదాం, గెలిచినవాళ్లకు వాళ్ల చేప కొలతలతో ఫైబర్ బొమ్మ చేయించి ఇద్దాం అన్నాను. ఆయన నవ్వి, "బొమ్మ బొమ్మలా ఉంటే ఎవరికి కావాలమ్మా? ఒకటి చేయించి అప్పలరాజుకు చూపించు. చేపలా ఉందని అతనంటే సరే. లేకపోతే మన కొక్కెం, మన కాటా" అన్నారు. పోటీ నిబంధనల కాగితం నేను చెబుతున్న ఆ శనివారం సాయంత్రం ఆరింటికి అచ్చుకు వెళ్లాల్సి ఉంది. అంటే నాకు సాయంత్రం వరకే సమయం.

బొమ్మ చేసిన మనిషి బొంతపల్లి యాదయ్య. నేను ఒక కంపెనీ స్టోర్సులో పని చేస్తాను. మా యాసిడ్ ట్యాంకులకు ఫైబర్ మూతలు పోసేది ఆయనే. నా ముడుల దారం, కొన్ని ఫొటోలు ముందే ఆయనకు పంపాను. ఉదయం ఏడున్నరకు రామచంద్రాపురంలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. ఎనిమిదింటికి పటాన్‌చెరులో దిగి, ఇడ్లీ తిని, రోజంతటికీ పదిహేను వందలకు ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు నర్సింలు.

"ఏం లోడు మేడం?"

"చేప."

"చేపకు ట్రాలీ ఎందుకు, సంచిల పడ్తది గద."

"ఏడడుగుల చేప" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "వాసన గిట్ల కొడితే బండి మీరే కడిగియ్యాలె మరి" అని కిక్ కొట్టాడు.

రింగురోడ్డు మీదికి ఆటోలను రానివ్వరు కాబట్టి పక్కనున్న సర్వీసు రోడ్డు మీదుగా సుల్తాన్‌పూర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఫ్యాక్టరీల మధ్య రోడ్డు పట్టాం. గంటకు పైగా పడుతుంది, నడుముకు అలవాటు లేకపోతే ఇంకో పావుగంట కలుపుకోండి. గుమ్మడిదల వైపు వెళ్తున్నకొద్దీ మందుల వాసన ముక్కుకు తగులుతుంది. నర్సింలుది ఆ పక్క ఊరే. "మా చెరువుల చేప మేమే తింటలేం మేడం. ఆంధ్ర నుంచి ఐసుల ఒచ్చేది కొనుక్కుంటున్నం" అన్నాడు. నా జీతం కూడా అలాంటి వాసన వచ్చే చోటి నుంచే వస్తుంది కాబట్టి నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు షెడ్డు చేరాం. యాదయ్య కొత్త చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల బల్ల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంచాడు. పట్టా తీశాడు. పొడవు, నడుము నా ముడుల దారానికి, ముక్కు, రెక్క నా ఫొటోలకు అచ్చంగా సరిపోయాయి. పొలుసు మెరుపు కూడా తెచ్చాడు. కానీ ఒంటి నిండా బూడిద రంగు. కన్ను తెల్లగా మసకబారి ఉంది. పోయినేడు కొక్కేనికి వేలాడిన నా చేపే దిగి వచ్చి బల్ల మీద పడుకున్నట్టుంది.

అక్కడి నుంచే అప్పలరాజుకు వీడియో కాల్ చేసి చూపించాను. అతను చాలాసేపు చూసి, మర్యాదగానే చెప్పాడు. "బాగా సేసేరమ్మా. ఐసులో రెండ్రోజులున్న సరుకు ఇలాగే ఉంటాది."

ఫోను పెట్టేసి యాదయ్య మీద విరుచుకుపడ్డాను. "ఫొటోలు పంపిన గద యాదన్నా. నీలం కనవడలేదా?"

"కనవడ్డదక్కా. నీళ్ల నీలం మీద పడ్డదనుకున్న. చేపకు గా రంగు ఏడుంటది?" అన్నాడు యాదయ్య. "అందుకే రెండైతారాలు తెల్లారంగ పటాన్‌చెరు మార్కెట్ల పోయి కూసున్న. రెండో అయితారం గీ చేపనే ఒకటొచ్చింది, ఐసుడబ్బల. గంటసేపు పక్కపొంటి కూసొని సూసిన. కన్ను గూడ గట్లనే ఏసిన." తన ఫోను తీసి, ఆ రెండో ఆదివారం ఐసు పెట్టెలో వచ్చిన చేపను పక్క నుంచి, పై నుంచి తీసిన ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. ఆ మనిషి పుట్టాక సముద్రం చూడలేదు. చూసిన చేపను చూసినట్టు చేశాడు, అంతకంటే నిజాయితీ ఏముంటుంది? నా కోపం నాకే ఎదురు తిరిగింది.

ఎందుకంటే తప్పు నాదే. నా దగ్గర నలభై సెకన్ల వీడియో ఉంది. చేప నీళ్లలోంచి లేచి, ఒంటి మీద నీలం చారలు వెలిగిపోతూ, రెక్క విప్పుకుని పడవ పక్కకు వచ్చి, తిరిగి నీళ్లలోకి జారిపోయేదాకా ముక్కలు ముక్కలుగా అంతా అందులో ఉంది. యాదయ్యకు దాన్ని పంపలేదు. అందులో చేప కంటే నా అరుపులే ఎక్కువ. అమ్మనీ నాన్ననీ పిలవడమే కాక, ఇక్కడ రాయలేని మాట ఒకటి కూడా అన్నాను. స్టోర్సులో నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడే మనిషికి అది పంపడానికి మొహం చెల్లలేదు. నా పరువు కాపాడుకోవడానికి చేప ప్రాణం తీశానన్నమాట. ఇక గత్యంతరం లేక చూపించాను. యాదయ్య, నర్సింలు తలలు దగ్గర పెట్టి చూశారు. యాదయ్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "లైటు లెక్క వెలుగుతుంది గదక్కా" అన్నాడు.

"గా అరిచేదెవరు?" నర్సింలు అడిగాడు.

"పక్క పడవల ఎవరో" అన్నాను.

యాదయ్య దగ్గరున్నవి బూడిద, తెలుపు, ఫ్యాక్టరీ ఆకుపచ్చ, మూడే రంగులు. అప్పటికి పదిన్నర దాటింది. ఏం చేయాలో తోచక నేను గుమ్మంలో కూలబడితే నర్సింలే దారి చూపించాడు. "పటాన్‌చెరు పక్కన ముత్తంగిల సత్తార్ భాయ్ ఉన్నడు మేడం. లారీలకు బొమ్మలేస్తడు. నా బండెనుక నెమలి ఆయన ఏసిందే. జెర సూడుండ్రి." వెళ్లి చూశాను. పొద్దున్నుంచీ ఎక్కి తిరుగుతున్న బండి వెనక నెమలి మెడ, నా వీడియోలోని నీలమే.

చేపను ట్రాలీలో పరుపు మీద పడుకోబెట్టి, ముక్కు బయటికి వస్తుంటే దానికి ఎర్రగుడ్డ కట్టి, యాదయ్యను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాం. ఊళ్లోని వీరభద్రుడి గుడికి వచ్చిన జనంలో దారి దొరకడానికి పది నిమిషాలు పట్టింది. అక్కడే ఒకాయన బండికి అడ్డం వచ్చి కిలో ఎంత అని అడిగాడు. ఇది ఫైబర్ అని యాదయ్య చెబితే, "గట్లనా, ముండ్లు ఉండవన్నట్టు" అని నవ్వుకుంటూ పోయాడు. గంటన్నర తర్వాత ముత్తంగి కూడలి దాటి, గోదాముల వెనక లారీలు నిలిపే చోటికి చేరాం.

సత్తార్ భాయ్‌కి అరవై ఏళ్లుంటాయి. నిచ్చెన మీద నుంచి దిగి, చెయ్యి తుడుచుకుని, వీడియో పెట్టమన్నాడు. ఒకసారి చూసి మళ్లీ పెట్టమన్నాడు. మొత్తం పదకొండుసార్లు. నా అరుపులు ఆ లారీల మధ్య పదకొండుసార్లు మోగాయి. టైర్లు మార్చేవాళ్లు పని ఆపి చుట్టూ మూగారు. ఐదోసారికి నర్సింలు నావైపు తిరిగి, "మేడం, పక్క పడవ కాదు, గీ గొంతు మీదే" అన్నాడు. ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇన్నాళ్లూ దాచుకున్నది ఇంతేనా అనిపించింది.

సత్తార్ భాయ్ మాత్రం నవ్వలేదు. "రంగు ఒక్కటి గాదు మేడం. ఎగిరెటప్పుడు ఒకటున్నది, అలిసినంక ఒకటున్నది. నీళ్లల్లకు పోయెటప్పుడు మల్ల మారింది. మీకు ఏది గావాలె?"

నేనంత ఆలోచించలేదు. అన్నిసార్లు చూసిన నాకే అది కనబడలేదు. "చేతుల నుంచి జారిపోయే ముందు ఉన్నది" అన్నాను.

యాదయ్య వాటర్ పేపరు అనే గరుకు కాగితంతో రుద్ది నునుపు తీశాడు. సత్తార్ భాయ్ స్ప్రే గన్నుతో వీపు మీద ముదురు నీలం, పక్కల రాగి మెరుపు, కడుపు మీద వెండి పట్టించి, సన్న కుంచెతో చారలు దించాడు. ఒక్కో పూత ఎండే లోపు పక్క ధాబాలో రొట్టె, పప్పు తిన్నాం. మనిషికి నూట ఇరవై, రొట్టె వేడిగా ఉంటుంది, పప్పులో కారం తగ్గించమని ముందే చెప్పుకోండి. రంగుకూ పనికీ కలిపి రెండు వేల రెండు వందలు. కన్ను చివరికి ఉంచాడు. ఎప్పుడూ అంతేనట, నెమలికైనా పులికైనా కన్ను ఆఖరునే వేస్తాడట. ఐదు గంటల నలభై నిమిషాలకు బంగారు రంగు చుట్టి, మధ్యలో నలుపు పెట్టి, తెల్లని చుక్క ఒకటి వేసి పక్కకు జరిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పలరాజుకు మళ్లీ ఫోను చేసి, చేపను ముక్కు నుంచి తోక దాకా మెల్లగా చూపించాను. పోటీ నడిపే పెద్దాయన కూడా అతని పక్కనే ఉన్నారు. అప్పలరాజు తెరకు దగ్గరగా వచ్చాడు.

"ఏటమ్మా, ఇంకా పట్టుకునే ఉన్నారేటి? సూసింది సాలు, ఒగ్గీండి."

"అయితే ఈసారి కాటా తేనక్కర్లేదన్నమాట" అన్నారు పెద్దాయన వెనక నుంచి.

తిరుగు దారిలో యాదయ్య ట్రాలీలో చేప పక్కనే కూర్చున్నాడు. రామచంద్రాపురంలో దించుతున్నప్పుడు, "అసలుది ఇప్పుడు ఏడుంటదక్కా?" అని అడిగాడు. తెలియదన్నాను. "మార్చిల నేను గూడ వస్త. మార్కెట్ల సూసింది సాలు" అన్నాడు. అతనికీ కలిపి రైలు టికెట్లు తీశాను. ఇంత దూరంలో ఉండే మన దాకా సముద్రం ఐసుపెట్టెలోనే వస్తుంది, కాబట్టి ఆ బూడిద రంగే చేప రంగని యాదయ్య అనుకోవడంలో వింత లేదు. ఏడాదికి రెండుసార్లు సముద్రం మీదికి వెళ్లే నేను కూడా పోయినేడు కాటా ముల్లు తప్ప చేపను చూడలేదు. ఇప్పుడా నీలం చేప మా హాల్లో గోడ మీద ఉంది, మార్చిలో నాతో పాటు విశాఖ వస్తుంది. కప్పును మాత్రం వెనక వరుసలోనే ఉంచాను.

మీరు వెళ్తే గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. చేపను పడవలోకి లాగకండి, నీళ్లలో ఉండగానే దారంతో కొలిచి, ఒక్క అరనిమిషం వీడియో తీసి వదిలేయండి. ఆ వీడియోలో మీరెంత అరిచినా, ఏమన్నా సరే, బొమ్మ చేసేవాళ్లకు పంపండి. ఆ రంగు ఒడ్డు దాకా రాదు.