మరీ బాగా కుదిరిన లెక్క

నాది అనుమానపు బుద్ధి. అది మా నాన్న నుంచి వచ్చింది. ఆయన చేనేత బట్టల వ్యాపారి. చీర అంచును వేళ్ళ మధ్య నలిపి చూసి, ఎక్కడా తేడా లేకుండా మరీ నున్నగా ఉంటే, "ఇది మగ్గం మీద నేసింది కాదు" అని పక్కన పడేసేవాడు. పటమటలో కూరగాయల తూకం దగ్గర నేను నిలబడితే, మా వారు నన్నెరగనట్టు కొంచెం దూరంగా వెళ్ళి నిలబడతారు.

విజయవాడలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిది చల్లపల్లి దగ్గర ఊరు, వ్యవసాయ కుటుంబం. వేల ఏళ్ళ కిందట సాగు నేర్చిన జనం కృష్ణ వెంట ఎంత వేగంగా కిందికి దిగివచ్చారో లెక్కగట్టడం ఆమె పని. మ్యాపును చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో జనం ఎంత పెరుగుతారు, పక్క గడిలోకి ఎంతమంది జరుగుతారు అన్నది కంప్యూటరుకు అప్పజెబుతాం. అది చెప్పిన కాలాన్ని, తవ్వకాల్లో బయటపడ్డ పాత ఊళ్ళ కాలంతో పోల్చి చూస్తాం.

పోయిన చలికాలం ఆ రెండూ కుదిరాయి. ఒకటీ అరా కాదు, అన్ని చోట్లా. డెల్టా దాటాక అవతలి మెరక మీదున్న చివరి పాత ఊరికి కూడా మా లెక్కలోని జనం తవ్వకాలు చెప్పిన వేళకే చేరారు. అమ్మాయి డిపార్టుమెంటులో అందరికీ స్వీట్లు పంచింది. నేను మాత్రం ఆ స్వీటు కాగితంలో చుట్టి పక్కన పెట్టాను. జవాబు ముందే తెలిసినప్పుడు, వేగం అంకెను కాస్త అటూ ఇటూ జరిపి సరిపెట్టడం ఎంత తేలికో నాకు తెలుసు. పైగా ఆమెకు అవసరముంది. ఇంకో నెలలో ఫెలోషిప్ అయిపోతుంది. థీసిస్ ఇచ్చేస్తే గన్నవరం దగ్గర ఒక కాలేజీలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఇది నిజాయితీగా చేసిన పనేనని గైడుగా నేను సంతకం పెడితే తప్ప ఆ థీసిస్ కదలదు. చూసి పెడతానని చెప్పి కాగితాలు సొరుగులో పెట్టుకున్నాను.

ఆమె ప్రోగ్రాము తీసుకుని గళ్ళు ఇంకా చిన్నవి చేశాను, పెద్దవి చేశాను. ఎటు తిప్పినా అదే జవాబు. ఇంకొకరైతే ఊరుకునేవారు. నాకు అనుమానం ఇంకా ముదిరింది. ఆమె సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిందని తెలిసి, చెప్పా పెట్టకుండా ఆ ఊరు బయల్దేరాను.

"ఈ పక్క పనుండి వచ్చానండీ" అన్నాను వాళ్ళమ్మతో. ఆవిడ నమ్మింది. అమ్మాయి నమ్మలేదు. నేను అడగకముందే లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మొదటి నుంచీ చేసినవన్నీ ఇందులోనే ఉన్నాయి మేడమ్. కుదరనివి కూడా తీసెయ్యలేదు. చూసుకోండి."

చూశాను. ఆ వేగం అంకెను ఎగువనున్న ఊళ్ళను బట్టి మొదట్లోనే తేల్చి పెట్టింది. తర్వాత ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాకు సిగ్గేసింది. అయినా లోపల పురుగు తొలుస్తూనే ఉంది.

భోజనానికి లేచి చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాను. అక్కడ కొత్తగా బోరు వేయించారు. పైకొచ్చిన నల్లటి బురద కుప్పపోసి ఉంది. దాన్నిండా తెల్లటి పెంకులు.

"ఇవేంటండీ?"

"గుల్లలండీ. మా వైపు ఎక్కడ బోరేసినా ఇంతే. కాస్త లోతుకు పోతే చాలు, గుల్లలూ ఉప్పునీళ్ళూనూ" అంది వాళ్ళమ్మ, చెంబుతో నీళ్ళందిస్తూ.

నా వెనకాల అమ్మాయి ఆగిపోయింది. నావైపు చూసింది. ఇద్దరం చేతులు కడుక్కోకుండానే లోపలికి నడిచాం.

మేం గళ్ళు గీసింది ఇవాళ్టి మ్యాపు మీద. ఇద్దరం డెల్టాలో పుట్టినవాళ్ళమే. మా ఊళ్ళూ, మా పొలాలూ ఎప్పుడూ ఇక్కడే ఉన్నాయనుకున్నాం తప్ప, ఈ నేల ఒకప్పుడు లేదు, ఇక్కడంతా సముద్రమేనన్న ఆలోచనే రాలేదు. ఏ అనంతపురం మనిషో అయితే మొదటిరోజే అడిగేవాడు. పాపం ఆ పాతకాలపు జనాన్ని పిల్లాపాపలతో, పశువులతో సహా సముద్రం మీదుగా నడిపించేశాం. అడ్డదారి దొరికింది కాబట్టే వాళ్ళు ఆ చివరి ఊరికి వేళకు చేరారు.

అమ్మాయి మ్యాపులో కింది గళ్ళను ఒక్కొక్కటే నీళ్ళుగా మార్చింది. వాళ్ళ ఊరున్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్నీ మార్చింది. మళ్ళీ లెక్క నడిపాం. జనం తీరం చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆ చివరి ఊరికి కొన్ని వందల ఏళ్ళు ఆలస్యమైంది. థీసిస్‌లో అన్నిటికన్నా గొప్ప అధ్యాయం మా కళ్ళముందే పోయింది.

ఎంత బాధ పడుతుందో అనుకున్నాను. "కుదరలేదని రాయి. అదీ ఫలితమే. గడువులోగా తిరగరాసెయ్యొచ్చు. నేను సంతకం పెడతాను" అన్నాను. ఆ మాట అంటుంటే నాకెంత తేలిగ్గా ఉందో ఆమెకు కనబడే ఉంటుంది.

తెర మీదనుంచి చూపు తిప్పకుండానే అంది: "కుదిరినప్పుడు నమ్మలేదు కదండీ మేడమ్. కుదరలేదు కాబట్టి ఇప్పుడు నమ్ముతున్నారా?"